కుడి పక్క పైన ఒక మడత

దయ్యాలను నమ్మేదాన్నయితే ఈ ఉద్యోగంలో వారం రోజులు కూడా నిలిచేదాన్ని కాదు. నేను అనాటమీ చెబుతాను. మనిషి శరీరం లోపల ఏది ఎక్కడుంటుందో, చనిపోయినవాళ్ళ దేహాల మీద వైద్య విద్యార్థులకు చూపించడం నా పని. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకునేది కూడా డిసెక్షన్ హాల్ పక్క గదిలోనే. ఇన్నేళ్ళలో నాకు ఏ అలికిడీ వినిపించలేదు, ఏ నీడా కనిపించలేదు. అలాంటివి చెప్పేవాళ్ళంటే కాస్త చిరాకు కూడా.

అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు ఎక్కడెక్కడ అనుమానం ఉందో అదీ రాస్తాను.

మాది భూపాలపల్లి. మా బాపు బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళయ్యాక జనగామలో ఉంటున్నాం. మా ఆయన రమేష్ జఫర్‌గఢ్ దగ్గర ఒక బడిలో లెక్కల టీచరు. నా ఉద్యోగం మానుకోటలో. మహబూబాబాద్‌ను మా దిక్కు అందరం అట్లాగే అంటాం. పొద్దున రైలెక్కి పోతాను, సాయంత్రం రైల్లో వస్తాను. రైల్లో పేపర్లు దిద్దుకుంటాను, చిక్కుడుకాయలు ఒలుచుకుంటాను. ఆ ప్రయాణం నాకు ఇష్టమే.

ఆ ఏడాది వానలు మొదలైన కొత్తలో మా కాలేజీకి ఒక దేహం వచ్చింది. పేరు ఐలయ్య. కేసముద్రంలో స్టేషన్‌కు పోయే దారిలో పంచర్ల షాపు నడిపేవాడు. మొదట్లో సైకిళ్ళు, తర్వాత బైకులు, ట్రాక్టర్లు. ఒకరోజు పొద్దున షాపు తలుపు తీస్తూ కుప్పకూలాడు. గుండెపోటు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఎప్పుడో ఊళ్ళో పెట్టిన ఒక శిబిరంలో ఐలయ్య, ఆయన భార్య రాజవ్వ ఇద్దరూ దేహదానం కాగితం మీద వేలిముద్రలు వేశారట. తీరా ఆయన పోయాక పాలివాళ్ళు, అంటే దాయాదులు, అడ్డం పడ్డారు. కాష్టం మీద పెట్టకపోతే ఆత్మకు దారి దొరకదు, ఊరి చుట్టే తిరుగుతాడు అన్నారు. రాజవ్వ ఒక్కతే నిలబడింది. దేహం వెంట వచ్చింది కూడా ఆమె, కూతురు సరిత, ఇద్దరే.

కాగితాలు నేనే రాయించుకున్నాను. మా హాల్ అటెండరు కొమురయ్య స్ట్రెచర్ పట్టుకున్నాడు. రాజవ్వ ఏడవలేదు. దుప్పటి కొస పైకి జరిపి భర్త చేతిని నాకు చూపించింది.

"బిడ్డా, ఈ గోళ్ళ సందులల్ల నలుపు ఎంత తోమినా పోలేదు. పంచర్ సొల్యూషన్ అది. మురికి మనిషి అనుకోకుండ్రి."

"అనుకోమవ్వా" అన్నాను. ఆమె తల ఊపింది. కాసేపు ఆ చేతిని పట్టుకుని నిలబడి, కూతురితో కలిసి బస్సుకు వెళ్ళిపోయింది.

కొత్త బ్యాచ్ పిల్లలు వచ్చాక చెయ్యితో మొదలుపెట్టాం. మాకు అదే వరుస. ముందు చెయ్యి, ఆ తర్వాత ఛాతీ. ఐలయ్య అరచేతులు గట్టిగా, కాయలు కాసి ఉండేవి. గోళ్ళ నలుపు గురించి పిల్లలు అడిగితే రాజవ్వ చెప్పిన మాటే చెప్పాను. ఆ టేబుల్ పిల్లలు ఆయన్ను నంబరుతో కాకుండా 'తాత' అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే నాకు ఎడమ పక్క నొప్పి మొదలైంది. చంకకు జానెడు కింద. గట్టిగా ఊపిరి తీసుకుంటే సూదితో పొడిచినట్టు ఉండేది. దగ్గితే ఇంకా ఎక్కువ. రైల్లో సంచి మోసి కండరం పట్టిందనుకున్నాను. సాయంత్రాలు ఒళ్ళు కాస్త వెచ్చబడేది. అలసట అనుకున్నాను. డాక్టర్‌నై ఉండి ఇట్లా ఎట్లా అనుకున్నావని అందరూ అడుగుతారు. డాక్టర్లే ఇట్లా అనుకుంటారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే రమేష్ ఆ రోజే దవాఖానకు లాక్కుపోతాడు.

రెండు వారాలు పోయాక నొప్పి దానంతట అదే తగ్గింది. మూడో వారానికి పూర్తిగా పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. స్టేషన్‌లో వంతెన మెట్లెక్కితే ఆయాసం వస్తోంది గానీ, ఒళ్ళు పెరిగిందిలే అని సరిపెట్టుకున్నాను. నొప్పి ఉండేదన్న సంగతి గానీ, తగ్గిందన్న సంగతి గానీ నేను ఒక్కరికి కూడా చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోమని అడుగుతున్నాను.

ఒకరోజు పట్టపగలు, పన్నెండు దాటింది. కొమురయ్య వచ్చి, "మేడం, కేసముద్రం అవ్వ వచ్చింది. మీకే ఏదో చెప్పాల్నట" అన్నాడు.

రాజవ్వ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో జామకాయల సంచి. ఎర్రటి ఎండ, అటూ ఇటూ పిల్లలు తిరుగుతున్నారు. భయపడాల్సిన సంగతి అక్కడ ఏదీ లేదు. భర్తను చూపించమంటుందేమో, ఎట్లా వద్దనాలి అని ఆలోచిస్తూ పక్కన కూర్చున్నాను. ఆమె అది అడగలేదు.

"నిన్న తెల్లారంగ కలలకు వచ్చిండు, బిడ్డా. రెండు మాటలు చెప్పి రమ్మన్నడు. నువ్వు నవ్వినా సరే, నేను చెప్పే పోత."

"నవ్వనవ్వా. చెప్పు."

"ఆయనకు కుడి పక్క ఊపిరితిత్తి పైకొసకు ఒక మడత ఉన్నదట. ట్యూబును టైర్ల ఎక్కిచ్చేటప్పుడు ఒక్కోపారి మడత పడ్తది సూడు, గట్ల. పుట్టుకతోనే పడ్డదట. పిల్లలు తెల్వక గుంజితే చినుగుతది, మెల్లగ తియ్యమను అన్నడు."

నేను నవ్వలేదు గానీ, నవ్వొచ్చిన మాట నిజం. పంచర్లు వేసినాయన కలలోకి వచ్చినా ట్యూబుల గురించే కదా మాట్లాడేది అనుకున్నాను. "సరే అవ్వా, పిల్లలకు చెప్త" అన్నాను.

రాజవ్వ లేవలేదు. రెండో మాట చెప్పాలా వద్దా అన్నట్టు కొంగు వేలికి చుట్టుకుంటోంది. కొమురయ్య స్తంభం పక్కన నిలబడి వింటున్నాడు.

"ఇంకోటి నీ సంగతే, బిడ్డా. ఏమనుకోకు. 'గా మేడంకు ఎడమ పక్క రాపిడి ఉండె. ఇప్పుడు నొప్పి పోయిందని సంబురపడ్తున్నది. అది నయమైతే పోలేదు. లోపట నీళ్ళు ఊరినయి, అందుకే రాసుకుంటలేదు. జల్ది సూపిచ్చుకోమను' అన్నడు."

ఈ మాట విన్నప్పుడు నాకేమైందో చెప్పాలంటే ముందు కొంచెం అనాటమీ చెప్పాలి.

ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పల్చటి పొర ఉంటుంది. పక్కటెముకల లోపలి గోడకు కూడా అదే పొర అస్తరు వేసినట్టు ఉంటుంది. దాన్ని ప్లూరా అంటాం. రెండు పొరల మధ్య కాస్తంత తడి తప్ప ఏమీ ఉండదు. ఆ తడి వల్లే మనం ఊపిరి తీసినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి నున్నగా జారుతాయి. ఊపిరితిత్తి మీది పొరకు నొప్పి తెలియదు. గోడ పొరకు బాగా తెలుస్తుంది. జబ్బు చేసి పొరలు గరుకెక్కితే ఊపిరి ఊపిరికీ రాసుకుని పొడుస్తాయి. మధ్యలో నీళ్ళు చేరితే మాత్రం రెండూ ఎడం అవుతాయి. రాపిడి ఉండదు. నొప్పి పోతుంది. రోగి తగ్గిందనుకుంటాడు. నిజానికి జబ్బు ముదిరింది.

నొప్పి తగ్గడం మంచిదేనా అని ప్రతి ఏడాదీ వైవాలో పిల్లల్ని అడుగుతాను. సగం మంది తప్పు చెబుతారు. ఆ సంవత్సరం తప్పు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నానని, ఆ వరండాలో, సంతకం రాని ఒక ఆడమనిషి మాటల్లో మొదటిసారి తట్టింది.

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. "నాకేం లేదవ్వా, మంచిగనే ఉన్న" అన్నాను కాస్త గట్టిగానే.

"లేకపోతే అంతకన్న ఏం గావాలె బిడ్డా. చెప్పుమన్నడు, చెప్పిన." జామకాయల సంచి నా పక్కన పెట్టి లేచింది. చేత్తో నా తల నిమిరి బస్టాండు వైపు నడిచింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయాక రమేష్‌ను కూర్చోబెట్టి అంతా చెప్పాను. ముందు తిట్టాడు. తర్వాత ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. నా వీపు మీద ఎడమచేతి వేలు ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో కొట్టమన్నాను. డాక్టర్లు కొట్టినట్టు. కుడి పక్క పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. తర్వాత ఎడమ పక్క.

"కుడి దిక్కు కుండ లెక్క మోగుతుంది సునీతా. ఎడమ దిక్కు కిందికి మోగుతలేదు. గోడను కొట్టినట్టున్నది."

"ఎంతవరకు?"

అతను వేలితో గీత గీశాడు. వీపు సగం దాకా.

పొద్దున్నే జనగామలో ఎక్స్‌రే తీయించుకున్నాం. ఫిల్మ్ మీద ఎడమ ఊపిరితిత్తి నల్లగా కనిపించాల్సిన చోట, కిందిసగం తెల్లగా ఉంది. ఛాతీ డాక్టరమ్మ ఆ రోజే నీళ్ళు తీసింది. నన్ను కుర్చీలో వెనక్కి తిప్పి, బల్ల మీదికి వంచి కూర్చోబెట్టారు. సూది ఎప్పుడైనా పక్కటెముక పై అంచును ఆనుకునే దిగాలి, కింది అంచులో నరమూ రక్తనాళాలూ పోతుంటాయి అని బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో. ఆ రోజు నా ఎముక పై అంచు మీద ఆమె వేలు ఆగి, అక్కడే సూది దిగుతుంటే, సరిగ్గా పెట్టింది అని మనసులో మార్కులు వేశాను. ఎండుగడ్డి రంగు నీళ్ళు లీటరుకు పైగానే వచ్చాయి. ప్లూరాకు టీబీ అని తేలింది.

"ఇంకొన్ని వారాలు ఆగితే పొరలు మందమై తిత్తిని పట్టేసేవి. అప్పుడు కోయాల్సి వచ్చేది. ఎట్లా అనుమానం వచ్చింది మీకు? నొప్పి కూడా లేదంటున్నారు" అని అడిగింది డాక్టరమ్మ.

ఆయాసం వల్ల అని చెప్పాను. ఇంకేం చెప్పను?

ఆరు నెలల మందులు మొదలయ్యాయి. మూడు వారాలు సెలవు పెట్టాను. భూపాలపల్లి నుంచి అమ్మ వచ్చి నన్ను మంచం దిగనివ్వలేదు. జొన్నరొట్టె, మేక కాళ్ళ పాయ, కోడిగుడ్లు, మళ్ళీ జొన్నరొట్టె. బాపు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, "ఊపిరి మంచిగ ఆడుతుందా బిడ్డా" అని అడిగేవాడు. బొగ్గుపొడి మింగి బతికిన మనిషి. ఆయన నోట ఆ ప్రశ్న వింటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆకలి తిరిగొచ్చింది, జ్వరం పోయింది. పెళ్ళయిన తర్వాత నేను అంత తీరికగా, అంత సుఖంగా గడిపిన రోజులు మళ్ళీ లేవు.

డ్యూటీలో చేరేసరికి చెయ్యి పాఠం అయిపోయింది. ఛాతీ మొదలుపెట్టాలి.

ఆ పొద్దున ఐలయ్య టేబుల్ దగ్గర కొమురయ్య నన్ను ఆపాడు. "మేడం, అవ్వ చెప్పింది యాదికున్నదా?"

"పని చూడు కొమురన్నా" అన్నాను. యాదికి ఉన్నది. రాత్రంతా అదే యాదిలో ఉన్నది.

ముందు చర్మం, తర్వాత రొమ్ము కండరాలు, వాటి కింద పక్కటెముకల మధ్య అల్లుకున్న కండరాలు. రెండు రోజుల పని. మూడో రోజు పక్కటెముకలు కోసి, ఛాతీ ముందు భాగాన్ని మూత ఎత్తినట్టు ఎత్తాం. ఊపిరితిత్తుల మీద చిన్నచిన్న నల్లచుక్కలు. దుమ్ములో బతికిన మనుషులకు ఉండేవే. మామూలుగా ఇక్కడ నేను పిల్లలకు చెప్పే మాట ఒకటుంది. తిత్తికీ గోడకూ మధ్య చెయ్యి పోనిచ్చి, పైకొస దాకా గట్టిగా ఒక చుట్టు తిప్పండి, ఎక్కడైనా అంటుకుని ఉంటే వేళ్ళతోనే తెంపండి అని. ఎడమ పక్క పిల్లలు అట్లాగే చేశారు. తిత్తి చక్కగా బయటికి వచ్చింది.

కుడి పక్కకు వచ్చేసరికి పిల్లల్ని జరగమని నేనే చెయ్యి పెట్టాను.

చెయ్యి ముందువైపు సులువుగా వెళ్ళింది. పక్కలకు వెళ్ళింది. పైకొస దగ్గర వేలికి ఏదో అడ్డం తగిలింది. గట్టిగా లేదు. పల్చటి తెర లాంటిది, పై నుంచి వేలాడుతోంది.

"అంటుకుపోయిందా మేడం? తెంపాలా?" అని పక్కనున్న అమ్మాయి అడిగింది.

"ఆగు. ఏం తెంపకు. లైటు ఇటు పెట్టు."

నెమ్మదిగా విప్పుకుంటూ చూస్తే తెలిసింది. ఎజైగస్ అనే సిర ఒకటి వెన్నెముక పక్కనుంచి పైకొచ్చి, తిత్తి మొదలు మీదుగా వంగి ముందుకు పోతుంది. ఐలయ్యలో ఆ సిర దారి తప్పింది. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడే తిత్తి పైకొస మీదుగా దిగుతూ, ప్లూరా పొరను తనతో పాటు లోపలికి లాక్కుపోయింది. ఆ మడతకు లోపలివైపు కోడిగుడ్డంత తిత్తి ముక్క విడిగా ఉండిపోయింది. మనిషికి దానివల్ల ఏ బాధా ఉండదు. ఉన్నట్టు కూడా తెలియదు. నేను దాన్ని పుస్తకాల్లో బొమ్మగా చూశాను. చేతికి తగలడం అదే మొదటిసారి. నేను రోజూ చెప్పినట్టు పిల్లలు చెయ్యి తిప్పి ఉంటే ఆ తెర చినిగిపోయేది. ఏదో అంటుకుపోయిన పొర అనుకుని ముందుకు పోయేవాళ్ళం.

తల ఎత్తితే కొమురయ్య నన్నే చూస్తున్నాడు. వెళ్ళి కిటికీలు తెరిచాడు.

తర్వాత నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. సరితకు ఫోన్ చేసి, నాయినకు ఎప్పుడైనా ఛాతీ ఎక్స్‌రే తీశారా అని అడిగాను. "లేదు మేడం. నాయిన దవాఖానకు పోయిందే ఒక్కపారి. కాల్ల మేకు దిగితే సూది ఏయించుకున్నడు, గంతే" అంది. దేహం పాడవకుండా ఎక్కించే మందును మేం తొడ దగ్గరి రక్తనాళం నుంచే ఎక్కిస్తాం. మేం మూత ఎత్తేదాకా ఆ ఛాతీని ఎవరూ తెరవలేదు.

నా సంగతికి మాత్రం ఒక సమాధానం ఉందనుకోవచ్చు. ఆ రోజు వరండాలో నాకు ఆయాసం రావడం రాజవ్వ చూసి ఉండొచ్చు. నేను తెలియకుండానే ఎడమ పక్క చెయ్యి పెట్టుకుని ఉండొచ్చు. టీబీ మనుషుల్ని చూసిన కళ్ళకు ఆ మాత్రం తెలుస్తుంది. నొప్పి ఉండేదని, తర్వాత పోయిందని, పోవడానికి కారణం నీళ్ళని ఎట్లా తెలిసిందంటే మాత్రం చెప్పలేను. మడత సంగతికి అయితే సగం సమాధానం కూడా లేదు.

మందులు సగం అయ్యాక ఒక మధ్యాహ్నం తిరుగు రైల్లో కేసముద్రంలో దిగాను. మక్కజొన్నల లారీలు మార్కెట్ యార్డు నుంచి వరుసగా ఆగి ఉన్నాయి. వాటి పక్కనుంచి నడిచి షాపు వెతుక్కున్నాను. మూతపడి ఉంటుందనుకున్నాను. తెరిచే ఉంది. రాజవ్వ చీర కొంగు నడుముకు దోపి, నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తోంది. ఇన్నేళ్ళు ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుందట. బుడగ లేచిన చోట వేలు పెట్టి, సుద్దతో గుర్తు పెట్టి, అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"బిడ్డా! మంచిగున్నవా? మొఖం తేటవడ్డది."

అంతా చెప్పాను. ఎక్స్‌రే, నీళ్ళు, మందులు. తర్వాత కుడి పక్క పైకొసలో ఏం కనిపించిందో చెప్పాను. ఆశ్చర్యపోతుందేమో, దండం పెడుతుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే.

"చింపలే గదా?"

"లేదవ్వా. జర గూడ చినగలేదు. అట్లనే తీసి సీసాల పెట్టినం. ఏటేటా కొత్త పిల్లలొచ్చి సూస్తరు."

రాజవ్వ అక్కడే స్టూలు మీద కూర్చుంది. తర్వాత, "పాలోళ్ళు నన్ను బాగ అన్నరు బిడ్డా. నీ మొగనికి దిక్కు లేకుంట జేసినవ్ అన్నరు. పైకి గట్టిగున్న గానీ, నాకు గూడ ఆయనకు దారి దొరికిందో లేదోనని బుగులే ఉండె" అంది. కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. పక్క హోటల్ నుంచి చాయ్ చెప్పించింది. ఇద్దరం టైర్ల మధ్య కూర్చుని తాగాం.

లేవబోతూ అడిగాను. "మళ్ళ వచ్చిండా అవ్వా కలలకు?"

"రాలే. ఎందుకొస్తడు? బతికున్నప్పుడు గూడ పని లేంది ఒకరింటికి పోయేటోడు కాదు."

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. నేను బాగున్నాను. నమ్మకాలు మారాయా అంటే మారలేదు. చనిపోయినవాళ్ళు కలల్లోకి వచ్చి కబురు చెబుతారని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. అయితే ఇంతకుముందులా చిరాకుపడను. తెరవని ఛాతీలో ఏముందో రాజవ్వకు ఎట్లా తెలిసిందని నన్ను నేను చాలాసార్లు అడిగాను, నాకంటే చదువుకున్నవాళ్ళనూ అడిగాను. ఒకరు యాదృచ్ఛికం అన్నారు, ఇంకొకరు నేనే సరిగ్గా గుర్తుపెట్టుకోలేదన్నారు. కొమురయ్య విన్నాడు కాబట్టి రెండోది కాదు. మొదటిది అయ్యుండొచ్చు. అవునని మాత్రం నేను చెప్పలేను.